దూత ఎందుకు పడిపోయాడు? హనుమకొండలో సాయంత్రపు బైబిలు తరగతులపై ఒక సమీక్ష

క్రైస్తవ విశ్వాసం ప్రకారం సాతాను మొదటినుంచీ దుష్టుడు కాడు. దేవుడు మంచివాడిగా సృజించిన దూత. అటువంటివాడు చెడువైపు ఎందుకు మొగ్గాడన్న ఒక్క ప్రశ్న మీద ఆరు శనివారాలు తరగతులు నడపడానికి హనుమకొండలో ఒక సంఘం పూనుకుందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమే కలిగింది. మన వైపు బైబిలు తరగతులంటే అంత్యదినాల గుర్తులో, కుటుంబ జీవితమో, ఉపవాస ప్రార్థనల క్రమమో ఉంటాయి. సాతాను పేరు ప్రతి ప్రసంగంలోనూ వినిపిస్తుంది గాని, వాడు అట్లా ఎందుకయ్యాడన్న సంగతి ‘గర్వం వల్ల’ అన్న రెండు మాటలతో ముగిసిపోతుంది. ఆ రెండు మాటలతో సరిపెట్టుకోలేనివారికి ఈ తరగతులు తప్పకుండా పనికివస్తాయని నా అభిప్రాయం. అయితే వాటిలో లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ వివరంగానే రాస్తున్నాను. సంఘం పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఫిర్యాదులను నిర్వాహకులకు విడిగా రాసి ఇచ్చాను.

రుసుము మనిషికి 300 రూపాయలు. అందులోనే ఒక చిన్న పాఠ్యపుస్తకం, ప్రతి సాయంత్రం చాయ్, బిస్కెట్లు కలిసి ఉన్నాయి. బోధించినది ఒక విశ్రాంత పాస్టరు గారు. చాలాకాలం సెమినరీలో సంఘ చరిత్ర చెప్పినవారని పరిచయంలో అన్నారు, ఆ అనుభవం మాటమాటలోనూ కనిపించింది. ఆయనకు గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. ఆదివారపు బడి పిల్లల కంఠత వాక్యం ఇంకా చెరపని నల్లబల్ల మీద, ఆ వాక్యాన్ని అట్లాగే ఉంచి, మిగిలిన సగంలో తన మాటలు రాసుకునేవారు.

వచ్చినవారిలో అన్ని సంఘాలవారూ ఉన్నారు. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను 19వ శతాబ్దంలోనే పని మొదలుపెట్టింది గనుక ఆ కుటుంబాలవారు ఎక్కువమంది. డోర్నకల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దక్షిణ ఇండియా సంఘస్థులు కొందరు. కాజీపేట నుంచి నాలాగా కథోలిక సత్యోపదేశంతో పెరిగినవారు ఇంకొందరు. వరంగల్ మేత్రాసనం (కథోలిక బిషప్పు పాలనా ప్రాంతం) 1952లో ఏర్పడినప్పటినుంచీ ఫాతిమానగర్ దేవాలయం చుట్టూ ఉన్న మాకు, ప్రొటెస్టెంటు హాలులో కూర్చుని మధ్యయుగపు కథోలిక వేదాంతి తోమా అక్వినాస్ గురించి వినడం కొత్త అనుభవం. బోధకుడు ఎవరి సంప్రదాయాన్నీ తక్కువ చేయలేదు, ఎవరిదీ నెత్తికెత్తుకోలేదు. ఇది చిన్న విషయం కాదు.

మొదటి సాయంత్రమంతా ప్రశ్నను నిలబెట్టడానికే సరిపోయింది. దేవుడు తాను చేసినదంతా చూచినప్పుడు అది చాలా మంచిదిగా ఉందని ఆదికాండము మొదటి అధ్యాయం చెబుతోంది. అంటే దూత స్వభావంలో చెడు లేదు. అతనికి దేహం లేదు గనుక ఆకలి, కామం, అలసట, మరణభయం లేవు. అజ్ఞానం అడ్డుపడిందని చెప్పడానికీ వీల్లేదు, ఎందుకంటే దూతల బుద్ధి మన బుద్ధికంటే ఎన్నో రెట్లు తేటైనదని సంప్రదాయమంతా ఒప్పుకుంటుంది. ఆదాము, హవ్వల విషయంలో సర్పం వచ్చి మాట్లాడిందని చెప్పుకోవచ్చు. ఇక్కడ ఆ సర్పం కూడా లేదు. కాజీపేట రైల్వే కాలనీ నుంచి క్రమం తప్పకుండా వచ్చే ఒక పెద్దావిడ ఈ చోటే లేచి నిలబడ్డారు. “అయ్యగారూ, మనల్ని వాడు శోధిస్తడు, సరే. మరి వాణ్ణి ఎవరు శోధించిండ్రు?” అని అడిగారు. హాలులో కొందరు నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు. “అమ్మా, ఆ ప్రశ్నను మీ పుస్తకం అట్టమీద రాసి పెట్టుకోండి, చివరి వారం దాకా నన్ను తప్పించుకోనియ్యకండి” అన్నారు. ఆమె నిజంగానే రాసుకున్నారు, తర్వాతి వారాల్లో ఆయన ఎక్కడ జారిపోబోయినా పుస్తకం మూసి అట్ట చూపించేవారు. తరగతికి నిజమైన పర్యవేక్షకురాలు ఆవిడేనని నా ఉద్దేశం.

ఈ ప్రశ్నకు ఒక సులువైన దారి ఉంది, దాన్ని క్రైస్తవం ఎప్పుడో మూసివేసింది. చెడు కూడా దేవునితో పాటు అనాదిగా ఉన్న ఒక శక్తి అని, వెలుగుకూ చీకటికీ మధ్య జరిగే యుద్ధమే లోకమని పారసీక మతబోధకుడు మానీ అనుచరులు 3వ శతాబ్దం నుంచి బోధించారు. తర్వాత క్రైస్తవ బిషప్పు, మహా వేదాంతి అయిన అగస్టీన్ కూడా యౌవనంలో దాదాపు తొమ్మిదేళ్లు వారి వెంట తిరిగాడు. ఆ మతంలో సాతాను ఎందుకు చెడ్డవాడయ్యాడన్న ప్రశ్నే పుట్టదు, ఎందుకంటే వాడు చెడ్డవాడు కావడం అంటూ లేదు, ఎప్పుడూ చెడ్డవాడే. 1215లో రోములో కథోలిక బిషప్పులు కూడిన నాలుగవ లాటరన్ మహాసభ దీనికి ఎదురుగా ఒక స్పష్టమైన వాక్యం చెప్పింది: అపవాదినీ (అంటే సాతానునూ) ఇతర దయ్యాలనూ దేవుడు స్వభావంలో మంచివారిగానే సృజించాడు, వారు తమంతట తామే చెడ్డవారయ్యారు. ‘తమంతట తామే’ అన్న ఆ మాటలోనే చిక్కంతా ఉంది. తరగతుల్లో మిగతా భాగం దాని చుట్టూనే తిరిగింది.

రెండవ వారం లేఖనాల వంతు. ఇక్కడ చాలామందికి నిరాశ కలిగింది, నాకైతే సంతోషమే కలిగింది. సాతాను పతనం గురించి బైబిలు నేరుగా చెప్పేది చాలా తక్కువ అన్న సంగతిని పాస్టరు గారు ఏ మొహమాటమూ లేకుండా ముందు పెట్టారు. ఆదికాండము 3వ అధ్యాయంలోని సర్పాన్ని ఆ అధ్యాయం సాతాను అని పిలవదు. యోబు గ్రంథంలో అతడు దేవదూతల మధ్య నిలబడి, మనుషుల భక్తి నిజమైనదా అని ప్రశ్నించే ఫిర్యాదిదారుగా కనిపిస్తాడే గాని, పడిపోయిన కథ అక్కడ లేదు. యెషయా 14వ అధ్యాయంలో ఆకాశం నుంచి పడిన వేకువచుక్క గురించిన పద్యం బబులోను రాజు మీద చెప్పిన ఎత్తిపొడుపు పాటగా మొదలవుతుంది. నాలుగవ వచనం ఆ సంగతి నేరుగానే చెబుతుంది. యెహెజ్కేలు 28లో తన సౌందర్యాన్ని చూసుకుని గర్వించినవాడు తూరు రాజు. ఈ రెండింటినీ సాతానుకు వర్తింపజేయడం లేఖనంలోనే ఉన్న పని కాదు, తర్వాతి వ్యాఖ్యాతలు, ముఖ్యంగా 3వ శతాబ్దంలో వేదాంతి ఓరిగెన్, చేసినది.

అయితే వ్యాఖ్యాతలు ఉత్తినే అట్లా చదవలేదు. ఏదెనులో ఉన్నవాడని, అభిషేకం పొందిన కెరూబని (కెరూబు ఒక రకం దూత), నియమింపబడిన దినం మొదలుకొని పాపం కనబడేవరకు యథార్థవంతుడని యెహెజ్కేలు అన్న మాటలు ఒక సముద్రతీర పట్టణపు రాజుకు మించి పోతాయి. రాజును తిట్టడానికి ప్రవక్త అంతకంటే పాత కథ ఒకదాన్ని వాడుకున్నాడా అన్న ప్రశ్న మిగులుతుంది. బోధకుడు ఆ ప్రశ్నను తెరిచే ఉంచారు. కొత్త నిబంధనకు వచ్చేసరికి మాటలు కొంచెం గట్టిపడతాయి: వాడు ఆదినుంచి నరహంతకుడు, సత్యమందు నిలువనివాడు, అబద్ధమునకు జనకుడు అని యోహాను 8:44, తమ మొదటి స్థానాన్ని నిలుపుకోకుండా నివాసం విడిచిన దూతలు అని యూదా 6, కొత్తగా చేరినవాణ్ణి సంఘాధ్యక్షుడిగా నియమించవద్దని, అతడు గర్వాంధుడై అపవాదికి కలిగిన శిక్షకు లోనవుతాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 3:6. గమనించండి, గర్వమే కారణమని మనం నిశ్చింతగా చెప్పే మాటకు కొత్త నిబంధనలో ఉన్న ఆధారంలో ముఖ్యమైనది, సంఘంలో పదవి ఎవరికి ఇవ్వాలన్న పాలనా విషయంలో పక్కవాటుగా వచ్చిన ఒక్క వాక్యం.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. తరగతిలో ఇంత జాగ్రత్తగా చెప్పిన విషయాన్ని పాఠ్యపుస్తకం పూర్తిగా చెడగొట్టింది. యెషయా 14ను బోధకుడు బబులోను రాజు మీద పద్యంగా వివరించిన సాయంత్రమే, పుస్తకంలో అదే అధ్యాయం కింద ‘సాతాను పరలోకంలో చేసిన అయిదు ప్రగల్భాలు’ అన్న శీర్షికతో, ఆ సంభాషణ పరలోకంలో జరుగుతుండగా ఎవరో పక్కన కూర్చుని రాసుకున్నట్టు అచ్చు వేశారు. పుస్తకాన్ని వేరెవరో తయారు చేశారని, బోధకుడికి చూపించకుండానే ప్రెస్సుకు పంపారని తర్వాత తెలిసింది. అక్షరాల రూపం మార్చినప్పుడు ఒత్తులు చాలాచోట్ల విడిపోయాయి. ఒక పేజీలో ‘సృష్టికర్త’ను గుర్తుపట్టడానికి వాక్యం మొత్తం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అట్టమీద కొమ్ములు, తోక, త్రిశూలం పట్టుకున్న ఎర్రటి బొమ్మ. ఆరు వారాలు వెలుగుదూత గురించి మాట్లాడబోయే తరగతికి ఈ అట్ట ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అసూయ ముందా, గర్వం ముందా అన్న చర్చకు మూడవ వారం కేటాయించారు. అపవాది అసూయ వల్ల మరణం లోకంలో ప్రవేశించిందని సొలోమోను జ్ఞానగ్రంథం 2:24 చెబుతుంది. ఈ గ్రంథం కథోలికుల బైబిలులో ఉంది, ప్రొటెస్టెంట్ల బైబిలులో లేదు గనుక, హాలులో సగంమందికి ఆ వచనం కొత్త. 2వ శతాబ్దపు బిషప్పు ఇరేనియస్, 3వ శతాబ్దపు బిషప్పు సిప్రియన్ కూడా, దేవుని స్వరూపంలో చేయబడిన మనిషిని చూసి దూత ఓర్వలేకపోయాడని రాశారు. ఇదే సందర్భంలో ఖురానులో ఇబ్లీసు (ఇస్లాంలో సాతాను పేరు) ఆదాముకు మోకరిల్లడానికి నిరాకరించి, తాను అగ్నితో చేయబడినవాణ్ణని, మనిషి మట్టితో చేయబడినవాడని చెప్పిన ఘట్టాన్ని కూడా పాస్టరు గారు ప్రస్తావించారు. మన వరంగల్ వీధుల్లో ముస్లిం పొరుగువారు లేని వీధి అరుదు. వారి గ్రంథంలోని మాటను వెక్కిరింపు లేకుండా, అది ఆ మతంలో ఎట్లా ఉందో అట్లాగే చెప్పి ముందుకు సాగిన తీరును మెచ్చుకోవాలి.

కాని అసూయ మొదటి కారణం కాజాలదని అగస్టీన్ వాదించాడు. ఎవడైనా ముందు తన గొప్పతనాన్ని ప్రేమించుకుంటేనే, ఇతరుల గొప్పతనం అతనికి ముల్లవుతుంది. అంటే అసూయ గర్వం కన్న బిడ్డ. 13వ శతాబ్దంలో అక్వినాస్ ఇంకో మెట్టు ఎక్కి, దేహం లేని ఆత్మకు అసలు ఏ పాపాలు సాధ్యమని అడిగి, మొదట గర్వం, దాని వెంట అసూయ, ఈ రెండే సాధ్యమని తేల్చాడు. దూత తాను దేవునికి సమానుడు కావాలని కోరుకోలేదు, అది జరగని పని అని అతని బుద్ధికి తెలుసు. తాను పొందవలసిన పరమానందాన్ని దేవుని కృప వల్ల కాకుండా తన సొంత శక్తితోనే పొందాలని కోరుకున్నాడు, ఆ విధంగా దేవునివలె ఉండాలనుకున్నాడు అని అక్వినాస్ వివరణ. ఈ వివరణ విన్న తర్వాత నల్లబల్ల ముందు హాలులో కొంతసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఒకేసారి నలుగురి మాటలు. సాతాను కోరినది దేవుని సింహాసనం అని చిన్నప్పటినుంచి విన్నవారికి, సొంత కాళ్లమీద నిలబడాలనుకోవడమే పతనమని వినడం ఇబ్బందిగానే ఉంటుంది మరి.

ఇక్కడినుంచి నాలుగవ వారానికి వెళ్ళేసరికి పెద్దావిడ ప్రశ్న మళ్ళీ తలెత్తింది. గర్వమే కారణమైతే ఆ గర్వానికి కారణమేమిటి? అగస్టీన్ తన దేవుని నగరం గ్రంథంలో, 12వ భాగంలో చెప్పిన జవాబు చాలా విచిత్రమైనది. చెడ్డ చిత్తానికి దాన్ని కలిగించిన కారణాన్ని వెతకవద్దు, అటువంటిది లేదు; అక్కడ ఉన్నది ఒక లోటు, ఒక జారడం మాత్రమే; దాన్ని వెతకడం చీకటిని కళ్ళతో చూడాలని, నిశ్శబ్దాన్ని చెవులతో వినాలని ప్రయత్నించడం వంటిది అని ఆయన అన్నాడు. పైన ఉన్నదాన్ని విడిచి కింద ఉన్నదానివైపు తిరగడమే చెడు, ఆ కింద ఉన్నది చెడ్డదై కాదు. సృష్టి శూన్యం నుంచి చేయబడింది గనుక జారిపోవడం దానికి సాధ్యమైంది. సాధ్యం కావడం వేరు, జరగడం వేరు. ఈ వాదాన్ని పాస్టరు గారు నిజాయితీగానే చెప్పారు, కాని తరగతి దాన్ని అంగీకరించలేదు. ఒక కాలేజీ కుర్రవాడు ఇది జవాబు కాదని, ప్రశ్నను అడగవద్దని చెప్పడమేనని ముఖంమీదే అన్నాడు. ఆ అభ్యంతరం సరైనదేనని నాకూ అనిపించింది. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ అయితే ఈ విషయంలో అగస్టీన్ అంత దూరం కూడా పోడు. దూతల పతనం గురించి లేఖనం వివరంగా చెప్పలేదు, అది మనకు అవసరం లేదు గనుకనే చెప్పలేదు అని ఆయన తేల్చివేస్తాడు. ఆ వారం బరువుగా ముగిసింది.

అయిదవ సాయంత్రం కోసమే ఈ 300 రూపాయలూ ఇవ్వవచ్చు. కాంటర్బరీ ఆర్చిబిషప్పుగా లోకానికి తెలిసిన అన్సెల్మ్, అంతకుముందు ఫ్రాన్సులోని బెక్ మఠంలో ఉండగా, 1080ల్లో సాతాను పతనం మీదనే ఒక చిన్న సంవాదం రాశాడు. గురువు, శిష్యుడు మాట్లాడుకుంటారు; శిష్యుడు తేలిగ్గా వదిలేరకం కాదు. ‘నీకు కలిగినవాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?’ అన్న పౌలు వాక్యంతో మొదలవుతుంది. మంచి దూతలు నిలబడింది దేవుడు వారికి నిలకడ ఇచ్చాడు గనుక అయితే, పడిపోయినవాడికి ఆ నిలకడ ఇవ్వనివాడు కూడా దేవుడే కదా, అప్పుడు తప్పు ఎవరిది? శిష్యుడి మొదటి దెబ్బ ఇదే. గురువు జవాబు: ఇవ్వలేదు గనుక అతడు పుచ్చుకోలేకపోయాడని కాదు, అతడు పుచ్చుకోలేదు గనుక ఇవ్వబడలేదు. మరి ఎందుకు పుచ్చుకోలేదు? దాన్ని విడిచిపెట్టి వేరొకదాన్ని కోరుకున్నాడు గనుక.

ఆ వేరొకటి ఏమిటన్నచోట అన్సెల్మ్ అసలైన పని చేస్తాడు. పాస్టరు గారు బల్ల మీద నిలువుగా గీత గీసి ఒకవైపు ‘తనకు మేలు’ అని, మరొకవైపు ‘న్యాయం’ అని రాశారు. దేవుడు ఒక దూతను అంచెలంచెలుగా చేస్తున్నాడని ఊహించమంటాడు అన్సెల్మ్. అతనికి మొదట తన సుఖాన్ని కోరే చిత్తం ఒక్కటే ఇచ్చాడనుకుందాం. అప్పుడు అతడు ఎంత పెద్ద సుఖం కనిపిస్తే అంతా కోరుకుంటాడు, దేవునితో సమానం కావడం కూడా కోరుకోవచ్చు, అయినా అది పాపం కాదు, ఎందుకంటే వేరే విధంగా కోరుకునే దారి అతనికి లేదు. సుద్దముక్క పట్టిన చేత్తో కుడివైపు మాటను కప్పి, ఎడమవైపు మాత్రమే చూపించి, ఇతడిలో పుణ్యమూ లేదు, పాపమూ లేదు అన్నారాయన. తర్వాత చెయ్యి ఎడమవైపుకు మార్చారు. న్యాయాన్ని కోరే చిత్తం ఒక్కటే ఇచ్చినా అంతే. అతడు న్యాయమే కోరుకుంటాడు, కాని నీతిమంతుడు అనిపించుకోడు, ఎందుకంటే అందులో అతని ప్రమేయం లేదు. రెండూ ఉండాలి. సుఖం కావాలన్న కోరిక ఉండాలి, ఆ కోరికను హద్దులో పెట్టే న్యాయమూ ఉండాలి. అప్పుడే న్యాయాన్ని నిలుపుకోవడం గాని, వదిలిపెట్టడం గాని అతని సొంత పని అవుతుంది. పడిపోయినవాడు వదిలిపెట్టాడు. అతడు కోరుకున్నది చెడు కాదు, తనకు మేలైనదే. దేవుడు ఇంకా ఇవ్వని ఒక మేలును, ఇచ్చేదాకా ఆగకుండా, ఇచ్చేవాడి చిత్తానికి లోబడకుండా కోరుకున్నాడు. ఆ మేలు ఏమిటో అన్సెల్మ్ చెప్పడు. నిలబడిన దూతలకు తర్వాత అదే దొరికిందని మాత్రం అంటాడు.

ఈ చోట పాస్టరు గారు మన ఊళ్ళ నుంచి ఒక పోలిక తెచ్చారు. తండ్రి ఎట్లాగూ పంచి ఇవ్వబోయే భూమిని, పంపకానికి ముందే తన పేర పట్టా చేయించుకున్న కొడుకు ఉన్నాడనుకోండి. భూమి చెడ్డది కాదు, అది అతనికి రావలసినదే, అయినా ఆ రోజునుంచి వాడు ఆ ఇంటి కొడుకుగా మిగలలేదు అన్నారు. భూముల తగాదాలు తెలియని కుటుంబం ఆ హాలులో ఒక్కటీ ఉండి ఉండదు. వెనుక వరుసలోనివారు కూడా ముందుకు వంగారు. పోలికకు హద్దు ఎక్కడో కూడా ఆయనే చెప్పారు: ఆ కొడుక్కి అన్నదమ్ముల భయమో అప్పుల బాధో ఉండవచ్చు, దూతకు అటువంటి ఒత్తిడి ఏదీ లేదు.

నా మట్టుకు ఈ తరగతుల విలువంతా ఇక్కడే ఉంది. సాతాను చెడును ఎంచుకున్నాడని మనం అలవాటుగా అనే మాటను క్రైస్తవ ఆలోచనాపరులు అంత నేరుగా ఒప్పుకోరు. చెడును చెడుగా కోరే చిత్తం సృష్టిలో లేదు. ఎవరు ఏది కోరినా ఏదో ఒక మంచిని చూసే కోరతారు. సాతాను చేసిన తప్పు కోరిన వస్తువులో లేదు, ఏది ముందు ఏది వెనుక అన్న వరుసలో ఉంది. అక్వినాస్ కూడా, ఇన్ని వివరాలు పెంచినా, చివరికి చేరింది ఈ చోటికే. ఈ సంగతి అర్థమైతే మన మందిరాల్లో సాతాను గురించి వినిపించే ప్రసంగాల్లో చాలా భాగం ఎంత పైపైనదో కూడా అర్థమవుతుంది. సారా, సినిమా, జూదం చుట్టూ తిరిగే ఆ ప్రసంగాల్లోని సాతాను, దేహం లేని, ఏ వ్యసనమూ లేని, బహుశా మహా క్రమశిక్షణ గల ఈ దూతకు ఏ విధంగానూ పోలిక లేనివాడు.

అన్సెల్మ్ సంవాదం చివర్లో శిష్యుడు మళ్ళీ అడుగుతాడు: సరే, ఎందుకు కోరుకున్నాడు? గురువు జవాబు: కోరుకున్నాడు గనుక కోరుకున్నాడు, అంతే. ఆ చిత్తాన్ని నెట్టినదీ లేదు, లాగినదీ లేదు. అదే తనకు కారణం, అదే తనకు ఫలితం. ఇది విన్న వెంటనే పెద్దావిడ పుస్తకం మూసి అట్ట చూపించారు. “అంటే ఎవ్వరు శోధించలేదన్నట్టు” అన్నారు. పాస్టరు గారు అవునన్నారు. “గట్లయితే వాడే వాని సైతాన్” అని ఆమె కూర్చున్నారు. నేను నా పుస్తకంలో రాసుకున్న వాక్యాల్లో బోధకుడివి చాలా ఉన్నాయి గాని, ఆ సాయంత్రానికి ఈ ఒక్కటే రాసుకున్నాను. అగస్టీన్ దగ్గర విసుగుపడిన కాలేజీ కుర్రవాడు మాత్రం ఇప్పుడూ ఒప్పుకోలేదు. కారణం లేని నిర్ణయానికీ గుడ్డి యాదృచ్ఛికతకూ తేడా ఏమిటని అడిగాడు. స్వేచ్ఛ మీద వాదించే తత్త్వవేత్తలు ఇప్పటికీ దీని మీదనే వాదిస్తున్నారు గనుక ఆ హాలులో తేలకపోవడం తప్పు కాదు. కాని చాయ్ వేళ అయిందని చర్చను తెంచివేయడం మాత్రం తప్పే.

ఆరవ వారం నన్ను బాగా నిరుత్సాహపరచింది. మిగిలినవి రెండు పెద్ద ప్రశ్నలు: పడిపోయినవాడు ఎందుకు పశ్చాత్తాపపడడు? పడతాడని తెలిసి దేవుడు ఎందుకు చేశాడు? మొదటిదానికి అక్వినాస్ జవాబు బాగానే వచ్చింది: మనిషి ఒక్కొక్క సంగతే తెలుసుకుంటూ, మనసు మార్చుకుంటూ పోతాడు, దూత తాను చూసేదాన్ని ఒక్కసారే, పూర్తిగా చూసి కోరుకుంటాడు గనుక, ఆ కోరికను మార్చగల కొత్త సంగతి అతనికి తర్వాత ఏదీ ఎదురుపడదు. మనుషులకు మరణం ఎటువంటిదో దూతలకు పతనం అటువంటిది అన్న 8వ శతాబ్దపు వేదాంతి దమస్కు యోహాను మాటను అక్వినాస్ ఉదహరిస్తాడు. 1992లో వెలువడిన అధికారిక బోధనా గ్రంథం కథోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా, వారి పాపానికి క్షమాపణ లేకపోవడం దేవుని కరుణలోని కొరత కాదని, వారి ఎంపిక మార్చరానిది కావడమేనని 393వ పేరాలో చెబుతుంది. ఇంతవరకు సరే. కాని సాతాను కూడా చివరికి తిరిగి వస్తాడేమోనన్న ఆలోచన ఓరిగెన్ పేరున ప్రచారంలో ఉండడం, 6వ శతాబ్దంలో అది ఖండనకు గురికావడం అర నిమిషంలో అయిపోయాయి.

రెండవ ప్రశ్న ఇంకా అన్యాయమైపోయింది. ఆ సాయంత్రం సగం సమయం ముగింపు సభకు, అతిథుల శాలువాలకు, ఫొటోలకు పోయింది. దేవుని ముందెరుక వల్ల దూత పతనం తప్పనిసరి అయిందా, కాలేదా అన్న విషయం మీద అగస్టీన్, అన్సెల్మ్ ఇద్దరూ వేరే గ్రంథాల్లో పేజీలకు పేజీలు రాశారు. మాకు దక్కింది ‘దేవుని మార్గములు అగమ్యములు’ అన్న ఒక్క మాట. ఆరు వారాలు ఏ ప్రశ్ననూ తేలిగ్గా కొట్టిపారేయని మనిషి నోట ఆ మాట రావడం ఆయన లోపం కాదని, శాలువాల కార్యక్రమం పెట్టినవారిదని నా నమ్మకం.

ఇక వసతుల సంగతి. హాలులో ఫ్యాన్లు పాతవి. మైకు ఉన్నా బోధకుడి మెత్తని గొంతును అది అందుకోలేదు, వెనుక కూర్చుంటే వాన పడుతున్నప్పుడు రేకుల చప్పుడే వినిపించేది. ముందు మూడు వరుసల్లో చోటు దొరికేలా కొంచెం ముందుగా వెళ్ళడం మంచిది. బండ్లు పెట్టుకోవడానికి ఆవరణలో చోటు చాలు. హనుమకొండ చౌరస్తా నుంచి ఆటోలు దొరుకుతాయి, కాని తరగతి ముగిసే వేళకు కాజీపేట వైపు తిరిగి వెళ్ళేవారు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. చాయ్ బాగుంది. రికార్డింగులు ఇస్తామన్నారు గాని ఇంతవరకు ఇవ్వలేదు.

పదిహేనేళ్ళలోపు పిల్లలను తీసుకువెళ్ళవద్దని నా సలహా. వారికి అయిదవ వారం వరకు ఓపిక ఉండదు. బైబిలు ఒకసారైనా పూర్తిగా చదివినవారికి, ముఖ్యంగా ఆదివారపు బడిలో బోధించే ఉపాధ్యాయులకు, ఇది బాగా పనికివస్తుంది. క్రైస్తవులు కానివారు ఇద్దరు ముగ్గురు వచ్చారు, వారిని ఎవరూ ఇబ్బంది పెట్టలేదు, ప్రార్థనకు బలవంతపెట్టలేదు. క్రిస్మస్ సందడి అయ్యాక మళ్ళీ ఒక విడత నడుపుతామని నిర్వాహకులు చెప్పారు. అప్పుడు ముగింపు సభను ఏడవ రోజుకు మార్చమని, పాఠ్యపుస్తకాన్ని బోధకుడి చేతనే దిద్దించి మళ్ళీ అచ్చు వేయమని, అంతవరకు ఉన్న ప్రతులను రుసుములో కలపకుండా ఊరికే ఇవ్వమని రాసి ఇచ్చాను. మొదటి రెండింటికి సరేనన్నారు.